వంతెన దగ్గర దిగే మనిషి

కారుకి కుంపటి అంటించటం రావమ్మ పని.

యుద్ధం వచ్చాక పెట్రోలుకి కూపన్లు పెట్టారు. ఆ కూపన్ల మీద వచ్చే పెట్రోలుతో బెజవాడ నుంచి పెడన వెళ్ళి రావటం మాట అటుంచి, ఉయ్యూరు దాటటమే గగనం. అందుకని ఊళ్ళో తిరిగే మిగతా కార్లకి లాగే అంకమ్మరావు కారుకి కూడా వెనకాల ఓ పెద్ద ఇనప పీపా బిగించారు. అందులో బొగ్గులు పోసి నిప్పు పెడితే గ్యాసు వస్తుంది, ఆ గ్యాసుతో ఇంజను నడుస్తుంది. బిగించినవాళ్ళు దాన్ని గ్యాసు ప్లాంటు అన్నారు. అంకమ్మరావు తల్లి హనుమాయమ్మ దాని చుట్టూ ఓసారి తిరిగి చూసి, "ప్లాంటేమిట్రా, కుంపటి అయితేనూ" అంది. ఆ మాటతో ఆ పని ఎవరిదో తేలిపోయింది. పొయ్యిలూ కుంపట్లూ మగవాళ్ళు ముట్టుకునేవి కావు గదా.

అప్పట్నుంచీ కోడి కూయగానే రావమ్మ లేచి, ముందు కారు కుంపట్లో బూడిద తోడి పారబోస్తుంది. బొగ్గులు జల్లించి పొడి వేరు చేస్తుంది. నిప్పు రగిలాక పీపా పక్కనున్న పంకా పిడి పట్టుకుని తిప్పుతుంది. నల్లపొగ వస్తుంది, తెల్లపొగ వస్తుంది, భుజం లాగేస్తుంది. పొగ పల్చబడ్డాక గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి పెడితే గ్యాసు నీలంగా అంటుకోవాలి. అప్పుడు ఆమె లోపలికి వెళ్ళి, "ఏవండీ, అయింది" అంటుంది. అంకమ్మరావు ఇస్త్రీ చేసిన తెల్ల జుబ్బాతో బయటికొచ్చి, కారు స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేదాకా కాఫీ తాగటానికి మళ్ళీ లోపలికి పోతాడు. బజార్లో తోటి బట్టల కొట్లవాళ్ళు, "మా కార్లు గంటకి గాని కదలవు. మీది ఠంచనుగా కదులుతుంది, ఎలాగండీ?" అని అడిగితే, "అదంతా చేతి మహిమ" అంటాడు నవ్వుతూ.

చెయ్యి ఎవరిదో ఆయన చెప్పడు. వాళ్ళూ అడగరు.

అంకమ్మరావు చెడ్డవాడని ఎవరూ అనలేదు. రావమ్మ కూడా అనుకోలేదు. కొట్టడు, తిట్టడు, తాగడు. మంగళగిరిలో మగ్గాల ఇంట పుట్టిన పిల్లని బెజవాడ బట్టల వ్యాపారి చేసుకోవటమే గొప్ప అని పెళ్ళిలో అందరూ అన్నారు. వారం వారం ఆయన పెడన వెళ్ళి, సాలీల దగ్గర చీరలు చూసి, తెచ్చి కొట్లో అమ్ముతాడు. ప్రతిసారీ రావమ్మ వెంట ఉండాల్సిందే. దారిలో కుంపట్లో బొగ్గులు ఎవరు వేస్తారు? ఇనప చువ్వ పెట్టి నిప్పు ఎవరు కదుపుతారు? అక్కడికి వెళ్ళాక చీర ఎవరు చూస్తారు? చీర కొంగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓసారి నలిపి, "పడుగు పల్చన" అని ఆమె గొణుగుతుంది. "పడుగు పల్చనయ్యింది రత్తయ్యా!" అని అంకమ్మరావు గట్టిగా అంటాడు. "అయ్యగారి కన్నే కన్ను" అని నేసిన రత్తయ్య తల గోక్కుంటాడు. ఇన్నేళ్ళలో ఆమెకి అది అన్యాయమని కూడా తోచటం మానేసింది. అలిసిపోయిన మనిషికి అన్యాయం కన్నా నిద్ర ఎక్కువ గుర్తొస్తుంది.

కారులో ఆమె చోటు వెనక సీట్లో, బొగ్గు బస్తాల పక్కన. అటు పక్క తమలపాకుల పెట్టెతో హనుమాయమ్మ. అంకమ్మరావు పక్కన ముందు సీట్లో చీరల మూట. పెళ్ళయిన కొత్తలో ఓసారి రావమ్మ తెలియక ముందు తలుపు తీయబోతే, "వెనక ఎక్కు. ముందు సీట్లో ఆడది కూర్చుంటే బజారు నవ్వుతుంది" అన్నాడు. బజారు నవ్వకుండా ఆ సీట్లో చీరలు కూర్చుంటున్నాయి.

ఇదంతా ఎలాగో జరిగిపోయేదే. వంతెనలే జరగనివ్వలేదు.

ఆ దారిలో కాలవలకి లెక్క లేదు. కాలవ ఉన్నచోటల్లా వంతెన. అవి ఇప్పటి వంతెనల్లా చదునుగా ఉండవు. కింద నుంచి పడవలు పోవాలి గనక ఒంటె వీపులా లేచి ఉంటాయి. గ్యాసు కారుకి పెట్రోలు కారుకున్న బలం ఉండదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎత్తు వస్తే మనుషులు దిగి ఓ చెయ్యి వెయ్యటం మామూలైపోయింది. మొదటిసారి పుల్లేరు కాలవ వంతెన దగ్గర కారు ఆపి అంకమ్మరావు, "కాస్త దిగుతావా రావమ్మా, బరువు తగ్గుతుంది" అన్నాడు. కొన్నాళ్ళకి అది "దిగు" అయింది. ఆ తర్వాత చిన్న దగ్గు. ఇప్పుడు దగ్గు కూడా లేదు. వంతెన కింద కారు ఆగితే ఆమె దిగాలి, వెనకాల చెయ్యి ఆనించి తోస్తూ ఎక్కాలి. హనుమాయమ్మ దిగదు. "నా మోకాళ్ళు నా మాట వింటే నేనూ దిగేదాన్నే" అంటుంది, ఆకుకి సున్నం రాసుకుంటూ.

పుల్లేరు గట్టున బట్టలుతికే బుల్లెమ్మ ఓరోజు ఆమెని చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది: "ఏవమ్మా, కారు మీకుందా, మీరు కారుకున్నారా?"

రావమ్మకి నవ్వొచ్చింది. నవ్వటానికి ఊపిరి చాల్లేదు.

కిందటేడు వానాకాలంలో ఆమెకి ఆరో నెల. పుల్లేరు వంతెన బురదగా ఉంది. కారు ఎక్కినట్టే ఎక్కి, గట్టిగా అరిచి, వెనక్కి జారింది. ఆమె భుజం ఆనించి ఆపింది. ఆపగలిగింది కూడా. ఆ రాత్రి పెడనలో ఎవరి ఇంట్లోనో, ఎవరి మంచం మీదో, ఆ కడుపు పోయింది. "మనకి రాసిపెట్టి లేదు" అన్నాడు అంకమ్మరావు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నిలుపుకోవటం చేతకావాలి" అంది హనుమాయమ్మ. వంతెన మాట ఎవరూ ఎత్తలేదు. రావమ్మ కూడా ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుంది? కారుకి బలం లేదు. ఆమెకి ఉంది. ఉన్నవాళ్ళు తొయ్యాలి.

ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. మిషను ఆస్పత్రి డాక్టరమ్మ పరీక్ష చేసి, వచ్చీరాని తెలుగులో ఖచ్చితంగా చెప్పింది: బరువులెత్తకూడదు, ఎత్తులెక్కకూడదు, ఈసారి పోతే ఇంక ఆశ పెట్టుకోవద్దు. ఆ మాటే రావమ్మ ఇంటికొచ్చి చెప్పింది.

"డాక్టరమ్మ వచ్చి కారు తోస్తుందా?" అన్నాడు అంకమ్మరావు, వేళాకోళంగా. "నిదానంగా నడువు. నేను పరిగెత్తమన్నానా? నువ్వు రాకపోతే కుంపటి ఎవరు చూస్తారు చెప్పు."

"మేమంతా ఎడ్లబండి వెనక నడిచినవాళ్ళమేనమ్మా" అంది హనుమాయమ్మ. "ఎత్తు వచ్చినప్పుడల్లా ఎద్దుల మీద జాలిపడి మీ మామగారు నన్ను దింపేవారు. నేనేం చచ్చానా?"

ఎద్దుల మీద జాలి. రావమ్మ ఆ మాట వంటింట్లోకి తీసుకెళ్ళి, కూర కలుపుతూ చాలాసేపు ఆలోచించింది. అత్తగారు అబద్ధం చెప్పలేదు. ఆవిడా నడిచింది. ఇప్పుడు మోకాళ్ళు పోయి కూర్చుంది. అంటే ఈ ఇంట్లో ఆడదానికి బండిలో చోటు దొరకాలంటే ముందు మోకాళ్ళు పోవాలి. తన మోకాళ్ళు పోయేదాకా తను ఆగగలదు. కడుపులో ఉన్నది ఆగదు.

ఆ వారం పుల్లేరు వంతెన దగ్గర దిగి, కారు మీద చెయ్యి వేసి, తొయ్యకుండా ఊరికే ఆనించి నడిచింది. దొంగపని. తోసే పని లేకపోయేసరికి, మొట్టమొదటిసారిగా ఆమెకి వినే తీరిక దొరికింది.

ఇంజను అరుస్తోంది. ఎన్నాళ్ళ నుంచో అరుస్తూనే ఉంది. కాని అది బలం లేని అరుపు కాదు. బలం చాలని ఎద్దు మూలుగుతుంది, గొంతు దిగిపోతుంది, అడుగు నిదానిస్తుంది. ఇక్కడ చక్రాలు నిదానిస్తుంటే ఇంజను గొంతు పైకి లేస్తోంది. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా హుషారుగా, మీద బరువే లేనట్టు తిరుగుతోంది. దాంతో పాటు ఓ వాసన. బొగ్గు వాసన కాదు. బొగ్గు వాసన ఆమెకి తన జుట్టు వాసనంత తెలుసు. ఇది ఏదో నార మాడుతున్న వాసన.

ఈ గొంతు తను ఎక్కడో విన్నది. వంతెన నడినెత్తిన గుర్తొచ్చింది. మంగళగిరి. చావడిలో రాట్నం ముందు తను. మగ్గం నేసేది నాన్న. ఆ మగ్గానికి నూలు కండెలు చుట్టేది అమ్మా, తనూ, చెల్లెళ్ళూ. నేతకి కూలి ఉండేది, కండెలకి ఉండేది కాదు. అది పని కిందికి వచ్చేదే కాదు. చిన్నప్పట్నుంచీ తిప్పిన రాట్నం. పెద్ద చక్రానికీ చిన్న కదురుకీ మధ్య ఓ తాడు. తాడు కొత్తగా ఉన్నప్పుడు చక్రం బరువుగా తిరుగుతుంది, కదురు గిర్రున తిరుగుతుంది. తాడు అరిగితే చక్రం తేలికైపోతుంది. ఎంత తిప్పినా చేతికి బరువు తెలియదు. కదురు మాత్రం కదలదు. మధ్యలో తాడు జారుతూ, వేడెక్కి మాడు వాసన కొడుతుంది.

ఇంజను చక్రం. కారు కదురు. మధ్యలో ఏదో అరిగింది.

అంటే కారుకి బలం లేక కాదు. తన బరువు వల్ల అసలే కాదు.

ఆమె ఆ మాట భర్తకి చెప్పింది. భోజనం దగ్గర, రెండోసారి మజ్జిగ పోస్తూ, ఆయన మనసు బాగున్నప్పుడు చూసి చెప్పింది.

అంకమ్మరావు నవ్వాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలు కారుకి రాట్నం కట్టింది."

"వాళ్ళ మంగళగిరిలో కార్లు మగ్గం మీద నేస్తారు కాబోలు" అంది హనుమాయమ్మ.

"అది కాదండీ. బలం లేకపోతే ఇంజను గొంతు పడిపోవాలి కదా? ఇది లేస్తోంది."

"గ్యాసు బళ్ళన్నీ అంతే. నువ్వు కుంపటి సంగతి చూడు, ఇంజను సంగతి నేను చూస్తాను."

అయినా ఎందుకైనా మంచిదని ఆయన కారు గుణదల తీసుకెళ్ళాడు. అక్కడ మరియదాసు మెకానిక్కు షెడ్డు ఉంది. మరియదాసు గ్యాసు గొట్టాలు విప్పి మసి దులిపి, జల్లెడ కడిగి, "ఈ రోజుల్లో ఏ బండికైనా ఇదే రోగం అయ్యగారూ, గ్యాసులో సత్తువ లేదు" అన్నాడు. ఆ రోజుల్లో ఏ కారు ఎందుకు ఆగినా గ్యాసే కారణం. అందరికీ జవాబు ముందే తెలుసు గనక ప్రశ్న అడిగేవాడు లేడు.

"విన్నావా, మరియదాసు ఏమన్నాడో?" అన్నాడు అంకమ్మరావు ఇంటికొచ్చి.

రావమ్మ విన్నది. మరుసటి వారం మళ్ళీ పెడన. దారిలో వంతెనలన్నీ ఆమెకి కళ్ళ ముందు వరసగా లేచి నిలబడ్డాయి.

ఒక పద్ధతి ఉంది. రాట్నం తాడు అరిగిందో లేదో తేల్చటానికి వాళ్ళమ్మ చేసేది. కదురుని వేళ్ళతో గట్టిగా పట్టుకుని చక్రం తిప్పాలి. తాడు మంచిదైతే చక్రం ఆగిపోతుంది, చెయ్యి తిప్పలేదు. తాడు అరిగితే కదురు నీ వేళ్ళ మధ్య ఉండగానే చక్రం దాని మానాన అది తిరుగుతూ ఉంటుంది.

కారు చక్రాలని పట్టుకోగలిగితే సరి.

పెడన వెళ్ళాల్సిన రోజు తెల్లవారుజామున కుంపటి అంటించింది. అంకమ్మరావు వచ్చి, ఇంజను స్టార్టు చేసి, కాఫీకి లోపలికెళ్ళాడు. రావమ్మ వంటింటి వెనక నుంచి సన్నికల్లు దొర్లించుకుంటూ తెచ్చి ఒక చక్రం ముందు పెట్టింది. ఎత్తకూడదు గనక దొర్లించింది. రెండో చక్రం ముందుకి పాత రుబ్బురోలు పొత్రం. ఆ తర్వాత, పెళ్ళయినప్పట్నుంచీ ఒక్కసారైనా తను తియ్యని తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చుంది.

లోపల అత్తగారు ఇత్తడి గ్లాసు కింద పెట్టిన చప్పుడు. హ్యాండ్ బ్రేకు ఆఖరిదాకా లాగింది. వెనక సీట్లోంచి ఆయన భుజమూ చెయ్యీ కదలటం ఎన్నేళ్ళు చూసింది! ఎడమకాలితో క్లచ్చి తొక్కింది. మగ్గం గుంటలో తొక్కుడు చెక్కలా ఉంది, నాన్న లేనప్పుడు తొక్కి చూసిన కాలికి తెలిసిన పనే. ఎత్తెక్కేటప్పుడు ఆయన వేసే గేరు వేసింది. కళ్ళు మూసుకుని, కాలు మెల్లగా వదిలింది.

చక్రాలని రాళ్ళు పట్టుకున్నాయి. ఇప్పుడు ఇంజను ఆగిపోవాలి. అందరూ చెప్పినట్టు అది బలం లేని ఇంజనే అయితే ఇంకా తొందరగా ఆగిపోవాలి.

కాలు పూర్తిగా పైకొచ్చింది. కారు ఒక్కసారి వణికింది.

ఇంజను ఆగలేదు.

గేరులో ఉంది, చక్రాలు కదల్లేదు, ఇంజను మాత్రం హాయిగా దాని మానాన అది తిరుగుతూనే ఉంది. కాళ్ళ కింద నుంచి నార మాడు వాసన లేచింది. రావమ్మ కళ్ళు తెరిచింది. ఆమెకి ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. ఆ పోయిన బిడ్డ ఈ వాసనకి పోయింది. ఓ తాడు అరిగినందుకు పోయింది. రాతా కాదు, గీతా కాదు.

"అయ్యో అయ్యో! ఒరే అంకమ్మరావూ! నీ పెళ్ళాం కారెక్కి కూర్చుందిరా!"

హనుమాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అంకమ్మరావు కాఫీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరైనా చూశారా?"

"ఇంజను ఆగలేదండీ" అంది రావమ్మ. "రాళ్ళు అడ్డం పెట్టాను. ఆగాలి. ఆగలేదు."

ఆయన రాళ్ళ వంక చూశాడు. గేరు వంక చూశాడు. ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు. ఆయన మొహంలో ఏదో కదిలి, సర్దుకుంది. "దిగు" అన్నాడు. ఈసారి వంతెన లేదు. అయినా ఆమె దిగింది.

ఆ రోజు పెడన ప్రయాణం మానేసి కారు గుణదల తీసుకెళ్ళాడు. గుణదల దాకా పోవటానికీ కుంపటి కావాలి గనక రావమ్మ కూడా వెళ్ళింది. షెడ్డు బయట బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. గుణదల మాత కొండ ఎక్కుతున్న ఆడవాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని ఎదురుగా పోతున్నారు.

"నాకెందుకో క్లచ్చి మీద అనుమానంగా ఉంది, మరియదాసూ" అంటున్నాడు అంకమ్మరావు. "ఇంజను గొంతు చూడు. బలం లేకపోతే పడిపోవాలి కదా? లేస్తోంది. పొద్దున చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి చూశాను కూడా. ఆగలేదు."

చూశాను. రావమ్మ కొండ వంక తిరిగి కూర్చుంది.

మరియదాసు బండి కిందికి దూరాడు. మధ్యాహ్నానికి, ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఉండే క్లచ్ ప్లేటు ఊడదీసి బయటికి తెచ్చాడు. పళ్ళెమంత ఇనప బిళ్ళ. దాని మీద ఉండాల్సిన మందపాటి పట్టీ అరిగి అరిగి మేకుల తలలు బయటపడ్డాయి. అక్కడక్కడా మాడి నల్లగా మెరుస్తోంది.

"ఇది ఒక్క రోజులో అరిగింది కాదయ్యగారూ. గేరు వేసుకున్నాక కాలు పూర్తిగా తీసెయ్యాలి. కొంతమందికి అలవాటు, పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచుతారు. తొక్కుతున్నామని వాళ్ళకే తెలియదు. పట్టీ సగం పట్టి, సగం పట్టక, జారి జారి ఇలా కాలిపోద్ది. ఏళ్ళ తరబడి పని ఇది." చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అడిగాడు: "బండి ఎవరు తోల్తారండీ?"

అంకమ్మరావు ఇటూ అటూ చూశాడు. షెడ్డులో ఇంకో ఇద్దరు ఆసాములు తమ కార్ల కోసం నిలబడి వింటున్నారు. ఆయన నవ్వాడు. అందరూ మెచ్చుకునే ఆ మంచివాడి నవ్వే. "ఏం చెప్పమంటావ్. పొద్దున మా ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని తొక్కేసిందిలే."

ఆసాములిద్దరూ గట్టిగా నవ్వారు. "ఆడవాళ్ళ చేతికి కారిస్తే అంతే మరి!"

మరియదాసు చేతిలో ప్లేటు వంక చూశాడు. డబ్బా మీద కూర్చున్న రావమ్మ వంక చూశాడు. ఆమె కళ్ళెత్తి చూసింది. 'ఏళ్ళ తరబడి' అన్నది అతనే, ఇప్పుడే. అతను గుడ్డ భుజాన వేసుకుని, "సరే లెండి. కొత్త ప్లేటు మద్రాసులో కూడా దొరకటం లేదు. లారీ పట్టీ కోసి దీనికి బిగిస్తాను" అన్నాడు. అతనికి ఈ ఊళ్ళో షెడ్డు నడవాలి. ఆమెకి అతని మీద కోపం కూడా రాలేదు.

రెండు రోజుల్లో ఆ కథ కొట్లకీ ఇళ్ళకీ పాకిపోయింది. పక్కింటి సంపూర్ణమ్మ పెరుగు తోడు కోసం వచ్చి, "ఏమిటీ, కారు తోలి పాడుచేశావట?" అంది. "ఎంత చెప్పినా వినదు కదా" అంది హనుమాయమ్మ లోపల నుంచి. రావమ్మ సంపూర్ణమ్మ గిన్నెలో తోడు వేసి ఇచ్చింది. కాదని చెప్పాలంటే రాట్నం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక ఎక్కడుంది?

కాని కారు షెడ్డులో ఉన్నన్నాళ్ళూ కుంపటి లేదు. పొద్దున్నే వచ్చే తలనొప్పి రాలేదు. అది పొగ వల్ల వచ్చే తలనొప్పని ఆమెకి అప్పుడు తెలిసింది. ఓ మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళేరుతూ ఉంటే కడుపులో చేపపిల్ల తోక కొట్టినట్టు కదిలింది. చాట పక్కన పెట్టి, చెయ్యి వేసుకుని, అలాగే కూర్చుండిపోయింది. మళ్ళీ కదిలింది. కిందటిసారి కూడా ఇలాగే కదిలేది. అప్పుడు తను కారుకి భుజం ఇచ్చింది. ఆపగలిగింది కూడా.

కారు వచ్చింది. మరుసటి వారం పెడన ప్రయాణం.

రావమ్మ కుంపటి అంటించింది. ముందు సీట్లో చీరల మూట, వెనక హనుమాయమ్మ, బొగ్గు బస్తాల పక్కన తను. కారు హుషారుగా పోతోంది. "చూశావా అమ్మా, మరియదాసు చేత దగ్గరుండి చేయించాను" అంటున్నాడు అంకమ్మరావు. కంకిపాడు దాటారు. ఉయ్యూరు దాటారు. పుల్లేరు వంతెన కనిపించింది.

కారు నిదానించింది. వంతెన కింద, ఎప్పుడూ ఆగే చోట ఆగింది.

అంకమ్మరావు వెనక్కి తిరగలేదు. ఇంజను నడుస్తోంది. ఆయన ఎదురుచూస్తున్నాడు. ప్లేటు మారిందని, కారు బాగయిందని ఇందాకటి నుంచీ చెబుతున్నది ఆయనే. అయినా ఆగాడు. ఎందుకు ఆగాడో అడిగితే ఆయనకే తెలియదు. కారుకి అరిగింది మార్చారు, ఆయనకి అలవాటు అలవాటుగానే ఉంది. కిందటేడు కూడా ఇక్కడే. ఆ బురద ఇప్పుడు ఎండి గట్టిపడింది.

రావమ్మ తలుపు తీసుకుని దిగింది.

దిగి, వెనకవైపు వెళ్ళలేదు. ముందుకి నడిచి, ముందు తలుపు తీసింది. చీరల మూట రెండు చేతులా తన వైపు లాగి, సీటు మీంచి వెనక సీట్లోకి జరిపింది. "అత్తయ్యా, ఇది నా చోట్లో పెట్టండి" అంది.

"ఇదేం పని?" అన్నాడు అంకమ్మరావు.

రావమ్మ ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది. "డాక్టరమ్మ ఎత్తులెక్కొద్దంది. నేను నడవను. పోనివ్వండి."

"బరువు..."

"బరువు వల్ల కాదని మీకు తెలుసు. మరియదాసుకి మీరే కదా చెప్పారు."

"ముందు సీట్లోనా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?" అంది హనుమాయమ్మ.

"చూడనివ్వండి అత్తయ్యా. ఇన్నాళ్ళూ తోస్తుంటే చూశారుగా."

కాలవ గట్టున బుల్లెమ్మ పిండుతున్న చీర పిండటం ఆపి చూస్తోంది. వెనక సీట్లో హనుమాయమ్మ, ఏమనుకుందో ఏమో, మూట అందుకుని బొగ్గు బస్తా పక్కన సర్దింది. సర్దుతూ ఓ చేత్తో మోకాలు రాసుకుంది.

అంకమ్మరావు గేరు వేశాడు. కారు వంతెన ఎక్కటం మొదలుపెట్టింది. ఇంజను గొంతు దిగింది, బరువుగా మూలిగింది, కాని పట్టు వదల్లేదు. చక్రాలు ఒక్కొక్క రాయినే పట్టుకుని ఎక్కుతున్నాయి. సగం దాకా వచ్చింది. అప్పుడు ఆ గొంతు సన్నగా, ఆమెకి తప్ప ఎవరికీ తెలియనంత సన్నగా, పైకి లేవటం మొదలుపెట్టింది.

ఇన్నేళ్ళూ వెనక సీట్లోంచి ఆమెకి ఆయన భుజాలే కనిపించేవి. ఇప్పుడు తల దించి చూసింది. గేరు వేసి చాలాసేపయింది. నిగనిగలాడే చెప్పులో ఆయన ఎడమకాలు పెడల్ మీదే ఉంది. తొక్కటం లేదు. ఊరికే, తనకే తెలియకుండా, హాయిగా ఆనించి ఉంది.

రావమ్మ గొంతు పెంచలేదు. ఆయన మొహం వంక కూడా చూడలేదు.

"ఆ కాలు తియ్యండి" అంది.